పాత శుభలేఖలతో హార్ట్ బొమ్మలు: రెండున్నరేళ్లు చేశాక

మా పాపకు మూడేళ్లు నిండినప్పుడు మొదలుపెట్టాం. ఇప్పుడు ఐదున్నర. ఇంట్లో పారేయాల్సిన వాటితో ఇన్నాళ్లలో ఎన్ని హార్ట్ బొమ్మలు చేశామో లెక్కలేదు. ఏవి నిలిచాయో, ఏవి నెల తిరక్కుండా చెత్తబుట్టకు పోయాయో ఇప్పుడు బాగా తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికన్నా పనికొచ్చినవి పాత శుభలేఖలు. కాగితం మందం, ఎరుపూ బంగారు రంగూ దానికే ఉంటాయి, రంగు వేసే పనే లేదు. వినాయకుడి బొమ్మ ఉన్న భాగానికి మాత్రం కత్తెర తగలనివ్వను, ముందే తీసి దాచేస్తాను. అది ఎవరి కాళ్ల కిందైనా పడితే మా అత్తయ్యగారికి బాధ, నాకూ అంతే. మిగిలిన కాగితాన్ని సగానికి మడిచి, మడతకు ఆనించి ఒక చెవి బొమ్మ గీయాలి. పిల్లలకు ఇలా చెబితే వెంటనే అర్థమవుతుంది. దాని మీదుగా కత్తిరించి విప్పితే రెండు వైపులా సమానంగా హార్ట్ వస్తుంది. మడత వైపు కత్తిరిస్తే రెండు ముక్కలవుతుంది. మొదట్లో మాకు రోజూ అదే జరిగేది, పాప ఏడ్చేది. మడత మీద స్కెచ్‌పెన్‌తో చుక్కలు పెట్టి, "చుక్కలున్న వైపు కొయ్యకూడదమ్మా" అని చెప్పాక కుదిరింది. మూడేళ్లప్పుడు కత్తిరించడం నా వంతు, విప్పడం తన వంతు. నాలుగు దాటాక మొన గుండ్రంగా ఉన్న కత్తెరతో తనే చేస్తోంది. మరీ దళసరి కార్డు మడిస్తే చిన్న చేతికి తెగదు. అప్పుడు లోపలి పలచటి కాగితం వాడండి.

రెండేసి హార్ట్‌ల మధ్య దారం పెట్టి అంటిస్తే తోరణం అవుతుంది, సూదితో పని లేదు. పోయిన సంక్రాంతికి కట్టింది ఇప్పటికీ గది గుమ్మానికి ఉంది, రంగు కూడా పెద్దగా తగ్గలేదు.

జిగురు ఇంట్లోనే కాచేదాన్ని. చెంచా మైదాకు ఐదారు చెంచాల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా సన్న సెగ మీద కలిపితే చాలు. పిల్లలు వేలు నోట్లో పెట్టుకున్నా టెన్షన్ ఉండదు. కానీ రెండు రోజులకే పులుస్తుంది, అంటించిన చోటికి బొద్దింకలు వస్తాయి. బైండింగ్ పనిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం మామూలే. అది విషం, పిల్లల జిగురులో అస్సలు వేయొద్దు. దాచుకోవాలనుకునే బొమ్మలకు నేను ఇప్పుడు కొన్న తెల్ల గమ్ వాడుతున్నాను.

తాంబూలంలో మిగిలిన తమలపాకు పుట్టుకతోనే హార్ట్. దాన్ని కాగితం కింద పెట్టి, పైన క్రేయాన్‌ను అడ్డంగా రుద్దితే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. మూడేళ్ల పిల్ల ఎవరి సాయం లేకుండా చేయగలిగిన పని మాకు ఇదొక్కటే. అందుకే నా దృష్టిలో శుభలేఖల తర్వాత దీనిదే స్థానం. రావి ఆకును మూడు, నాలుగు వారాలు నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ కండను పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తీస్తే ఈనెల జల్లెడ మిగులుతుంది. చాలా అందంగా ఉంటుంది. అయితే నీళ్లు కంపు కొడతాయి, పిల్లలకు అన్నాళ్ల ఓపిక ఉండదు. ఇది పెద్దవాళ్లు చేసి పెట్టాల్సిందే.

అచ్చులకు ఫాయిల్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం బాగుంటుంది. రెండంగుళాల ముక్క కోసి, ఒక పక్క లోపలికి నొక్కి, ఎదురు పక్క మొనలా మడిచి దారంతో కట్టాలి. రంగుకు పసుపు నీళ్లు చాలు. అందులో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. అది చూసి పాప "మళ్లీ, మళ్లీ" అంటూ మూడు గిన్నెలు కలిపించింది. సున్నంతో ఇంకా ఎర్రగా వస్తుంది కానీ కళ్లలో పడితే ప్రమాదం, పిల్లల దగ్గరకు తేవద్దు. ఈ రంగులు ఎండకు నిలవవు, కొద్ది రోజుల్లోనే వెలిసిపోతాయి.

పప్పులు అంటించడం మాత్రం మానేశాం. పురుగు పట్టడం ఒక కారణం. అసలు కారణం వేరు. ఒకరోజు నేను గమ్ మూత వెతుక్కునేలోపు పాప శనగగింజ ముక్కులో పెట్టుకుంది. గింజ తడికి ఉబ్బుతుంది, వేలు పెట్టి తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. డాక్టర్‌గారు తీసేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. గింజలు, పూసలు, బొత్తాలు చిన్నపిల్లల ముందు పెట్టకండి. ఎంత దగ్గర కూర్చున్నా ఆ ఒక్క క్షణం చాలు.

ఇప్పుడు పెళ్లికి పిలవడానికి ఎవరొచ్చినా పాప కార్డునే చూస్తూ కూర్చుంటుంది. మొన్న మా పిన్నిని అడిగేసింది కూడా: "అమ్మమ్మా, పెళ్లయిపోయాక మీ ఇంట్లో మిగిలిన కార్డులన్నీ నాకిస్తావా?"