లెవెలింగ్ క్లిప్పులతో సొంతంగా వేసుకున్న టైల్స్: మూడేళ్ల వాడకం తర్వాత

నడుస్తుంటే కాలికి ఏ అంచూ తగలదు. టైల్స్ వేసిన కొత్తలో లెవెలింగ్ క్లిప్పుల గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే చెప్పాను. అది ఇప్పటికీ నిజమే. తిరుపతిలో మా మేడ మీది గదిలో పాత కాంక్రీటు నేల మీదే గమ్ పరిచి రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ నేనూ మా తమ్ముడూ వేసుకున్నాం. పక్కపక్క టైల్స్ ఒకే ఎత్తులో కూర్చోవడానికి మేస్త్రికైతే చేతివాటం ఉంటుంది, మాకు క్లిప్పులే దిక్కు. టైల్స్ మధ్య పెట్టిన క్లిప్పులో వెడ్జ్ అనే చీల దూర్చి ప్లయర్‌తో నొక్కగానే రెండు అంచులూ సమానమైపోతుంటే భలే సరదాగా ఉండింది.

పోయిన ఎండాకాలం బీరువా జరుపుతుంటే గుమ్మం దగ్గరి టైల్ మూల పుటుక్కున విరిగింది. బీరువా కింద పడలేదు, కాలు ఆనిందంతే. వీధిలో ఉండే టైల్స్ మేస్త్రి వచ్చి, "రూపాయి బిళ్లతో తట్టి చూడబ్బా" అన్నాడు. మిగతా చోట్ల గట్టిగా మోగుతోంది, అక్కడ మాత్రం డొల్ల. జాయింట్ కోసి లేపితే ఆ టైల్ పెద్దగా మొండికేయకుండా వచ్చేసింది. విరిగిన మూల వైపు దాని వెనక శుభ్రంగా ఉంది. కింద గమ్ మాత్రం పళ్ల తాపీతో లాగిన గీతలు లాగినట్టే, శనక్కాయల చేలో చాళ్ల మాదిరి నిలబడి ఉంది. టైల్ దాన్ని నలపనే లేదు.

గుమ్మం దగ్గర పాత కాంక్రీటు కాస్త పల్లం. క్లిప్పు పక్క టైల్‌తో సమం చేయడానికి దీని అంచును పైకి లాగి పట్టుకుంది. కింద ఖాళీ మిగిలింది. గమ్ టైల్ గమ్‌లకు ఉండే భారతీయ ప్రమాణం ఐఎస్ 15477 ముద్ర ఉన్నదే, దాన్ని తప్పుపట్టలేను. నా కోపమంతా క్లిప్పుల ప్యాకెట్ మీదే. ఎంత మందం టైల్‌కు పనికొస్తాయో రాశారు, పల్లాలు ముందే పూడ్చుకోవాలని ఒక్క ముక్క రాయలేదు.

పాత బ్యాచ్ టైల్స్ కొన్ని దాచి ఉంచాం కాబట్టి రంగు తేడా రాలేదు. ఈసారి పల్లం పూడ్చి, అది ఆరాక టైల్ వెనక కూడా పలచగా గమ్ పూసి, గట్టిగా నొక్కి కూర్చోబెట్టాం. ఇప్పుడు తడితే గట్టిగానే పలుకుతోంది.

వేడికి టైల్స్ సాగినా చోటుండాలని గోడల వెంట స్కర్టింగ్ కింద సందు వదిలాం. మే నెల ఎండల్లో కూడా ఏ టైలూ పైకి లేవలేదు. మా గదికి పడమటి ఎండ తగలదు, అదీ ఒక కారణం కావచ్చు. బోరు నీళ్ల తెల్ల మరకలు జాయింట్లలో పట్టాయి, వాటికి క్లిప్పులేం చేస్తాయి పాపం.

మళ్లీ వేస్తే క్లిప్పులు కొంటానా? మేడ మీద, బరువు సామాన్లు తక్కువున్న సొంత గదికైతే కొంటాను, రసమట్టం బద్ద పెట్టి నేలంతా చూసుకున్నాకే. సిలిండర్లు దొర్లించే వంటింటికి మాత్రం మేస్త్రినే పిలుస్తాను. మా తమ్ముడైతే వంటింటికీ మనమే చాలంటాడు. వాడి వంటింట్లో వేసుకోమన్నాను.