ఆరేళ్లుగా మా ఫ్రిజ్‌లో ఉంటున్న దియామాంతే

మాద్రిద్ వచ్చి ఆరేళ్లయింది. అప్పటి నుంచీ మా ఫ్రిజ్ తలుపులో పెరుగు డబ్బా పక్కన ఒక దియామాంతే సీసా ఎప్పుడూ ఉంటుంది. రియోహా ప్రాంతంలోని లోగ్రోన్యోలో బొదేగాస్ ఫ్రాంకో-ఎస్పన్యోలాస్ వాళ్లు చేసే తెల్ల వైన్ ఇది. సీసా మీద ‘సెమీదుల్సే’ అని ఉంటుంది, అంటే ఓ మోస్తరు తీపి. వైన్ బాగా తెలిసినవాళ్లు దీన్ని కొత్తగా తాగేవాళ్ల సరుకు అని పక్కన పెట్టేస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. మన కారం వంటలతో ఇంత బాగా కుదిరిన సీసా నాకు ఇక్కడ ఇంకోటి దొరకలేదు.

మొదట్లో ఇందులో పంచదార కలుపుతారనుకున్నాను. అదేం కాదు. ద్రాక్షరసం పులిసేటప్పుడు ఈస్టు అందులోని చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఇలాంటి వైన్లకు ఆ పని పూర్తికాకముందే రసాన్ని బాగా చల్లబరిచి, ఈస్టును వడగట్టేస్తారు. మిగిలిపోయిన ద్రాక్ష చక్కెరే ఈ తీపి. యూరప్ నిబంధనల ప్రకారం సెమీదుల్సేలో అది లీటరుకు 45 గ్రాములు దాటకూడదు. ద్రాక్ష ముఖ్యంగా వియూరా రకం. కాతలూన్యాలో దాన్నే మకబేవో అంటారు, ‘కావా’ అనే బుడగల వైన్‌లోనూ వాడతారు.

రెండేళ్ల క్రితం లోగ్రోన్యో వెళ్లాం. ఎబ్రో నది మీది ఇనుప వంతెన దాటితే ఆ బొదేగా, అంటే వైన్ తయారుచేసే చోటు, కనిపిస్తుంది. ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఫిలోక్సెరా పురుగు నాశనం చేసిన రోజుల్లో బోర్దో వ్యాపారులు ఇటు వచ్చారు. ఈ సంస్థ కూడా అలాగే 1890లో మొదలైంది, పేరులో ‘ఫ్రాంకో’ (అంటే ఫ్రెంచ్) అందుకే. సాయంత్రం లౌరెల్ వీధిలో నిలబడి పుట్టగొడుగుల పింఛో తిన్నాం. వెల్లుల్లి నూనెలో కాల్చిన మూడు పుట్టగొడుగులు, పైన చిన్న రొయ్య, కింద రొట్టెముక్క. నూనె మోచేతి దాకా కారుతోంది. దాంతో చల్లటి దియామాంతే ఒక గుక్క వేసుకుంటే ఆ వెల్లుల్లి ఘాటు హాయిగా సర్దుకుంది.

ఇంట్లో దీనికి సరైన జోడీ కోడి వేపుడు. మిరియాలు, పచ్చిమిర్చి దట్టించిన ముక్క తిని, నాలుక చురుక్కుమంటుండగా తాగి చూడండి. మంట పూర్తిగా పోదు కానీ తగ్గుముఖం పడుతుంది, కరివేపాకు రుచి మళ్లీ తెలుస్తుంది. అదే వేపుడుకి ఆల్కహాల్ ఎక్కువున్న ఎర్ర వైన్ తాగితే మంట ఇంకా రేగుతుంది, మావారు ఒకసారి తాగి చెంబెడు నీళ్లు తాగారు. రొయ్యల ఇగురుతోనూ చాలా బాగుంటుంది. ఉప్పగా, ఘాటుగా ఉండే అస్తూరియాస్ నీలి చీజ్ కాబ్రాలెస్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

కుదరనివీ ఉన్నాయి. చేపల పులుసుతో తాగితే చింతపండు ముందు వైన్‌లోని పులుపు తేలిపోయి, ఉత్త తీపినీళ్లలా అయింది. గోంగూరతోనూ అంతే. పండక్కి బొబ్బట్లతో పెట్టాను, అప్పుడు తిరగబడింది: బొబ్బట్టు తీపి ముందు వైన్ పుల్లగా అనిపించింది. తిండి కంటే వైన్ కాస్త తియ్యగా ఉండాలని అప్పుడు అర్థమైంది.

చల్లదనం విషయంలో మాత్రం రాజీ పడకండి. 6 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. మాద్రిద్ ఎండాకాలంలో గ్లాసు నిండా పోస్తే పది నిమిషాల్లో వేడెక్కి, నోట్లో జిగటగా తగులుతుంది. నేను కొద్దికొద్దిగా పోసి, సీసాను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఇది ఏళ్ల తరబడి దాచుకునే వైన్ కూడా కాదు. మా వీధిలో ఒక కొట్టువాడు ఎండ తగిలే అద్దాల షెల్ఫు నుంచి తీసిచ్చిన సీసా ఇంటికొచ్చి తెరిస్తే టీ రంగులో ఉంది, మగ్గిపోయిన ఆపిల్ వాసన. అప్పటి నుంచి నీడలో ఉన్నదే, కొత్త పంటదే అడిగి తెచ్చుకుంటున్నాను.

మూత తీశాక మూడు రోజులు బాగుంటుంది. ఆ తర్వాత మిగిలిన అరగ్లాసును పారబోయను. వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి, నల్లటి మెహియోనెస్ ఆల్చిప్పలు వేసి, ఆ వైన్ పోసి మూత పెడతాను. చిప్పలన్నీ విచ్చుకున్నాక అడుగున మిగిలే రసంలోకి మా పిల్లాడు రొట్టె తెచ్చుకుంటాడు.