నడుముకొకటి సరే, రెండో గన్ ఏది మేలు?

ఆత్మరక్షణ కోసం నడుముకి పెట్టుకునే మొదటి గన్ గురించి ఇప్పుడు ఎవరూ పెద్దగా అడగడం లేదు. గ్లాక్ 19 పిస్టల్ కొనేస్తారు, లేదంటే సిగ్ పీ365 కుటుంబంలో ఏదో ఒకటి తీసుకుంటారు, మంచి హోల్‌స్టర్ (గన్ ఒర) చూసుకుంటారు, కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్తుంటారు. కొన్నాళ్ళు గడిచాక మాత్రం అందరూ ఒకే ప్రశ్న దగ్గరికి వస్తున్నారు: బ్యాకప్‌గా ఏది పెట్టుకోవాలి, అదే కంపెనీలో చిన్న గన్నా, జేబులో పట్టే, బలం తక్కువ తూటా వాడే 380 ఏసీపీ పిస్టలా, లేక పాతకాలం అయిదు రౌండ్ల (తూటాల) రివాల్వరా? ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను. నేను ఎటు మొగ్గానో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది, దాచే ఉద్దేశం కూడా లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ముందుగా ఒక మాట. హెచ్1బి, ఎఫ్1, ఎల్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకుని నడుముకి గన్ పెట్టుకుని తిరగాలనుకునేవాళ్ళు ముందు లాయర్ దగ్గరికి వెళ్ళండి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, ఫ్లోరిడాలో 2023 జులై నుంచి పర్మిట్ లేకుండానే క్యారీ చేయొచ్చు అన్నది నిజమే గానీ, అది చట్టప్రకారం గన్ ఉంచుకోగలవాళ్ళకి మాత్రమే. రాష్ట్రం తలుపు తీసినంత మాత్రాన ఫెడరల్ నిషేధం పోదు. గ్రీన్ కార్డ్ వాళ్ళకి, సిటిజన్లకి ఈ వీసా గొడవ లేదు, వాళ్ళు కిందికి వెళ్ళండి.

అసలు రెండో గన్ అవసరమా అన్నది కూడా తేల్చుకోవాలి. చాలామందికి అవసరం లేదు. ఇంకో మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) జేబులో ఉంటే చాలు. గ్లాక్ లాంటి సెమీ ఆటోమేటిక్‌లో వచ్చే జామ్‌లలో చాలా వాటికి మూలం మ్యాగజీనే, దాన్ని పీకేసి కొత్తది పెడితే సగం సమస్యలు తీరిపోతాయి. పైగా అది తేలిక, చవక, దానికి విడిగా ప్రాక్టీస్ కూడా పెద్దగా అక్కర్లేదు. ఇంకో మ్యాగజీనే పెట్టుకోకుండా రెండో గన్ గురించి అడిగేవాళ్ళని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది.

సరే, అవసరమనే అనుకుందాం. అప్పుడు అందరూ మొదట చూసేది ఎన్ని రౌండ్లు పడతాయి, ఏ క్యాలిబర్ (తూటా లావు), ఎంత బరువు అని. నా లెక్కలో ఈ మూడూ తర్వాతి సంగతులు. ముందు అడగాల్సింది, మొదటి గన్ ఎందుకు పనికి రాకుండా పోయిందీ అని. తూటాలు అయిపోవడం అన్నది మామూలు మనిషికి చాలా అరుదు. జామ్ కావచ్చు. పెనుగులాటలో అవతలివాడు దాని మీద చెయ్యి వేసి ఉండొచ్చు. కుడి చేతికి దెబ్బ తగిలి ఉండొచ్చు. కారులో సీట్ బెల్ట్ కింద, జాకెట్ కింద కుడి నడుముకి ఇరుక్కుని ఉండొచ్చు. జామ్ తప్ప మిగతావన్నీ చేతికి, చోటుకి సంబంధించినవే. కాబట్టి రెండో గన్ మొదటిదాని పక్కనే, అదే చేతికి అందేచోట ఉంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. డిక్కీలో సామానంతా పైన పేర్చి అడుగున పెట్టిన స్టెప్నీ లాంటిదే అది, ఉందని ధైర్యమే తప్ప రోడ్డు మీద పనికి రాదు.

1986 ఏప్రిల్‌లో మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకి, ఇద్దరు బ్యాంకు దొంగలకి మధ్య కాల్పులు జరిగాయి కదా. గన్ను గురించి మాట్లాడేవాళ్ళంతా దాన్ని ఎత్తుతారు, ఎత్తింది మొదలు క్యాలిబర్ గురించే మాట్లాడతారు. తూటా పరీక్షకి వాడే జెల్‌లో కనీసం 12 అంగుళాలు దిగాలన్న పట్టుదల అక్కణ్ణుంచే వచ్చింది, ఎఫ్‌బీఐ కొన్నాళ్ళు 10 ఎంఎం, 40 క్యాలిబర్ చుట్టూ తిరిగి మళ్ళీ 9 ఎంఎంకి వచ్చింది. అదంతా నిజమే. కానీ ఆ రోజు ఒక ఏజెంట్ రివాల్వర్ కార్లు గుద్దుకున్నప్పుడే చెయ్యి దాటిపోయింది, ఆయన పోరాడింది తన అయిదు రౌండ్ల చిన్న స్మిత్ అండ్ వెసన్ బ్యాకప్‌తో. ఇంకో ఏజెంట్ చేతికి తూటా తగిలి రివాల్వర్‌ని మళ్ళీ లోడ్ చేసుకోలేకపోయాడు. బ్యాకప్ గురించి ఆ సంఘటన నుంచి నేను తీసుకున్నది ఈ రెండే.

ఇక జోడీలకి వద్దాం.

ఎక్కువమంది చెప్పేది ఒకే కుటుంబం జోడీ. నడుముకి గ్లాక్ 19, బ్యాకప్‌గా గ్లాక్ 26. ట్రిగ్గర్ ఒకటే, పట్టుకునే తీరు ఒకటే, 19లోని 15 రౌండ్ల మ్యాగజీన్ 26లో పడుతుంది, కాస్త బయటికి పొడుచుకొచ్చినా శుభ్రంగా పనిచేస్తుంది. 26లోని 10 రౌండ్లది మాత్రం 19లో పట్టదు, పొట్టి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది గ్లాక్ 43ఎక్స్ దగ్గర. కంపెనీ ఒకటే, చూడటానికి 19కి తమ్ముడిలాగే ఉంటుంది, కానీ అది సన్నగన్, 19 మ్యాగజీన్ దానిలో పట్టదు. మ్యాగజీన్లు కలుస్తాయన్న ఒక్క కారణంతో ఈ జోడీ కొనేవాళ్ళు 43ఎక్స్ తీసుకుంటే ఆ కారణమే పోయినట్టు. సిగ్‌లో ఈ గొడవ తక్కువ, పీ365ఎక్స్ఎల్‌లోని 12 రౌండ్ల మ్యాగజీన్ చిన్న పీ365లో పడుతుంది.

ఈ జోడీకి ఉన్న పెద్ద బలం ప్రాక్టీస్ ఒకదానికి చేస్తే రెండింటికీ పనికొస్తుందనే, దాన్ని నేను తక్కువ చేయను. రేంజ్‌కి నెలకోసారి వెళ్ళడమే గగనమైపోయినవాళ్ళు వేరే ఆలోచన పెట్టుకోకుండా ఇదే తీసుకోవచ్చు. సమస్య ఎక్కడంటే, గ్లాక్ 26 పేరుకే చిన్నది. ఖాళీగానే 600 గ్రాముల పైన ఉంటుంది, లావు 19 అంతే. దాన్ని ప్యాంటు ముందు జేబులో పెట్టుకుని చూడండి, ఇటుకరాయిలా కనిపిస్తుంది, కూర్చుంటే బయటికి రాదు. దాంతో జనం ఏం చేస్తారు? దాన్ని కూడా నడుముకే తగిలిస్తారు, లేదా చీలమండకి. చీలమండ చోటు కారులో కూర్చున్నప్పుడు నిజంగానే బాగుంటుంది, నిలబడి పెనుగులాడేటప్పుడు మాత్రం అక్కడికి చెయ్యి పోయేలోపు అయిపోతుంది.

ఇంకో వైపు రూగర్ ఎల్‌సీపీ మ్యాక్స్. 380 ఏసీపీ, 10 రౌండ్లు, ఖాళీగా ఓ 300 గ్రాములు. 2008లో మొదటి ఎల్‌సీపీ వచ్చినప్పుడు సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్నాయా లేవా అన్నట్టు ఉండేవి, 2021లో వచ్చిన మ్యాక్స్‌లో అవి బాగుపడ్డాయి. జేబులో ఉందన్న సంగతే మర్చిపోతారు, వేసవిలో పల్చటి ప్యాంటు వేసుకునేవాళ్ళకి ఇంతకంటే సుఖమైనది లేదు. తూటా సంగతికొస్తే, 380లో హాలో పాయింట్ (ముక్కు బోలుగా ఉండే తూటా) విచ్చుకుంటే లోతు తగ్గుతుంది, లోతుకి వెళ్తే విచ్చుకోదు, ఈ రెండింటి మధ్య ఇరుకున ఉంటుంది. బ్యాకప్‌కి అది పర్వాలేదనే నేను అనుకుంటాను. నాకు అసలు అడ్డమొచ్చింది వేరు. చిన్న స్లయిడ్ (గన్ పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగం), చిన్న పట్టు, చేతిలో సరిగ్గా కుదరకపోతే సరిగ్గా పనిచేయదు, పైగా ఎడమ చేత్తో హడావుడిగా తీసినప్పుడు కుదరదనే చెప్పాలి. అది జామ్ అయితే తీయడానికి రెండో చెయ్యి కావాలి, రెండో చెయ్యి ఖాళీగా ఉంటే మనం ఇక్కడిదాకా వచ్చేవాళ్ళమే కాదు.

నేను పెట్టుకున్నది నడుముకి పీ365ఎక్స్ఎల్, ఎడమ ముందు జేబులో స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్. ఆ కంపెనీ చిన్న రివాల్వర్ల జే-ఫ్రేమ్ కుటుంబంలోది, 38 స్పెషల్, అయిదు రౌండ్లు, రెండంగుళాల లోపు బ్యారెల్, ఖాళీగా 400 గ్రాముల పైచిలుకు. హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) లోపలే ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు బట్టకి చిక్కుకోవడానికి ఏమీ ఉండదు. వంపులు తిరిగిన ఆకారం కాబట్టి జేబులో గన్‌లా అచ్చు పడదు, పర్సో తాళాల గుత్తో అనుకుంటారు. ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉంటుంది, దాదాపు 12 పౌండ్లు లాగాలి, జేబులో పెట్టుకునే గన్‌కి ఆ బరువు నాకు ధైర్యమే.

సెమీ ఆటోమేటిక్‌ని అవతలివాడి ఒంటికి ఆనించి నొక్కితే స్లయిడ్ వెనక్కి జరిగి పేలకపోవచ్చు. రివాల్వర్‌కి ఆ బాధ లేదు. ఒకవేళ ఒక రౌండ్ పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ లాగడమే, తర్వాతి రౌండ్ వస్తుంది, ఒక్క చెయ్యి చాలు. అవసరమైతే కోటు జేబులోంచి బయటికి తీయకుండానే కాల్చొచ్చు. ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: ఏదో తేడాగా అనిపించే పార్కింగ్ లాట్‌లో నడుస్తున్నప్పుడు చెయ్యి జేబులో పెట్టుకుని గన్ పట్టుకునే నడవొచ్చు, చూసేవాళ్ళకి అది మామూలుగా చెయ్యి జేబులో పెట్టుకున్న మనిషే. నడుముకి ఉన్న గన్‌తో ఈ పని చేస్తే బెదిరించినట్టే ఉంటుంది.

అలాగని రివాల్వర్ చెడిపోదని ఎవరైనా చెబితే నమ్మకండి. అరుదే గానీ, చెడిపోతే అక్కడికక్కడ బాగుచేయడం కుదరదు. తేలిక గన్ కాబట్టి గట్టిగా తన్నుతుంది, ఆ కుదుపుకి సరిగ్గా బిగించని తూటాలు తొడుగులోంచి ముందుకి జరిగి, రౌండ్లుండే సిలిండర్‌ని తిరగనివ్వకపోవచ్చు. అవతలివాడు సిలిండర్ పట్టుకున్నా అంతే. సైట్లు నామమాత్రం. ఆ 12 పౌండ్ల ట్రిగ్గర్‌ని ఎడమ చేత్తో వరసగా అయిదుసార్లు లాగి ఒక కాగితం పళ్ళెం మీద పడేలా చేయడం కష్టం, నిజంగా కష్టం. ఇంట్లో ఖాళీ గన్‌తో, స్నాప్ క్యాప్‌లు (ఉత్తుత్తి తూటాలు) వేసి, ఎడమ చేత్తో ట్రిగ్గర్ లాగుతూ డ్రై ఫైర్ చేస్తూ ఉండాలి, తూటాలు వేరే గదిలో పెట్టి. వేళ్ళలో బలం లేనివాళ్ళు, కీళ్ళ నొప్పులున్నవాళ్ళు షాపులోనే ఎడమ చేత్తో ట్రిగ్గర్ లాగి చూడండి, రాకపోతే మొహమాటం లేకుండా ఎల్‌సీపీ మ్యాక్స్ తీసుకోండి. తూటా విషయంలో నేను 148 గ్రెయిన్ల బరువున్న వాడ్‌కటర్ తూటాలు వాడతాను. ఇంత పొట్టి బ్యారెల్‌లోంచి హాలో పాయింట్ విచ్చుకుంటుందో లేదో అన్న గొడవ లేదు, తన్నడం తక్కువ, దిగాల్సినంత దిగుతుంది. ముక్కు చదునుగా ఉంటుంది కాబట్టి హడావుడిలో మళ్ళీ లోడ్ చేయడం మాత్రం నరకం, కానీ బ్యాకప్‌ని రీలోడ్ చేసేదాకా వస్తే ఇంక మాట్లాడుకోవడానికేముంది.

బరువు లెక్క కూడా చూడండి. గ్లాక్ 19, గ్లాక్ 26 కలిపి ఖాళీగానే కిలో పావు దాటుతాయి. పీ365ఎక్స్ఎల్, 642 కలిపి సుమారు కిలో. కాగితం మీద చిన్న తేడానే, కానీ సాయంత్రానికి నడుము చెబుతుంది, వారం తిరిగేసరికి ఏదో ఒకటి ఇంట్లో వదిలేసి వెళ్తారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల మ్యాగజీన్‌కి 10 రౌండ్లే హద్దు కాబట్టి అక్కడివాళ్ళకి గ్లాక్ 19 గొప్పతనంలో సగం చట్టమే కోసేసింది, చిన్న గన్ తీసుకున్నా పోయేదేమీ లేదు.

మిగతావి చకచకా. రూగర్ ఎల్‌సీఆర్ కూడా 642 పనే చేస్తుంది, ట్రిగ్గర్ ఇంకా నున్నగా ఉంటుంది, ఆకారం కాస్త లావు, ఏది దొరికితే అది. 22 క్యాలిబర్ చిన్న పిస్టళ్ళు ప్రాక్టీస్‌కి బాగుంటాయి. డెరింజర్ (ఒకటి రెండు రౌండ్ల బుల్లి పిస్టల్) వద్దు. 45 క్యాలిబర్‌లో పొట్టి 1911 పిస్టల్ బ్యాకప్‌గా అడిగేవాళ్ళు ఇదివరకే నిర్ణయించుకుని అడుగుతున్నారు, వాళ్ళకి నేనేం చెప్పినా ఒకటే.

జేబులో ఏది పెట్టినా పాకెట్ హోల్‌స్టర్ తప్పనిసరి, ట్రిగ్గర్ గార్డ్ మొత్తం మూసేది, గన్ తీసినప్పుడు జేబులోనే ఉండిపోయేది. ఆ జేబులో తాళాలు, చిల్లర, పెన్ను ఏవీ ఉండకూడదు. జేబు దూది, దుమ్ము ఎంత త్వరగా లోపలికి చేరతాయో చూస్తే ఆశ్చర్యపోతారు, అప్పుడప్పుడూ తీసి తుడవాలి. ఎడమ జేబులో ఫోన్ పెట్టుకునే అలవాటుంటే దాన్ని ముందు మార్చుకోండి, నాకైతే ట్రిగ్గర్ ప్రాక్టీస్ కంటే అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో పర్మిట్ మీద ఏ గన్‌లు క్యారీ చేయొచ్చో పేరుపేరునా రాసి ఉంటుంది, కాబట్టి రెండోది కొన్నాక దాన్ని పర్మిట్‌లో చేర్పించేదాకా ఇంట్లోనే ఉంచండి.