బుగ్గలో దాచేది, తోకలో దాచేది: మన్ననూరు ప్రయాణం

మెల్‌బోర్న్‌లో పెరిగిన మేనకోడల్ని వెంటబెట్టుకుని దేవరకొండ నుంచి డిండి మీదుగా నల్లమలకు బయల్దేరాం. మొదటి రాత్రి అచ్చంపేటలో ఒక లాడ్జి. దుప్పటి మార్చమని మూడుసార్లు అడగాల్సి వచ్చింది, దోమలకు నిద్ర లేదు. ఇంకోసారి వెళ్తే ఆ రాత్రి కూడా అడవి అంచున ఉన్న మన్ననూరులోనే ఉంటాను. అక్కడ అటవీ శాఖ కాటేజీలో గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, తెల్లారకముందే పక్షుల కూతలు వినిపిస్తాయి. శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కాబట్టి సాయంత్రానికే చేరాలి.

ఉమామహేశ్వరం గుడి మెట్ల దగ్గర కోతులు చుట్టుముట్టాయి. నెత్తిమీద పాపిడి తీసినట్టు జుట్టు, పొడుగాటి తోక. ఇవి దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేని బానెట్ కోతులు. ఒకటి కొబ్బరి ముక్కలు నమలకుండా బుగ్గల్లో కుక్కుకుంటుంటే పిల్ల అంది: "మామయ్యా, మా దగ్గర డన్నార్ట్ తిండిని తోకలో దాచుకుంటది!"

నాకు తెలియదు, చెప్పమన్నాను. చూడ్డానికి ఎలుకలా ఉంటుందట గానీ ఎలుక కాదు, కంగారూలా సంచీ ఉన్న జంతువు. బరువు 20 గ్రాములు కూడా దాటదు. రాత్రిపూట పురుగుల్ని, చిన్న బల్లుల్ని వేటాడి తింటుంది. తిండి దండిగా దొరికినప్పుడు కొవ్వు తోకలో చేరి, తోక క్యారట్‌లా ఉబ్బుతుంది. కరువొస్తే ఆ కొవ్వు మీదే బతుకుతుంది, ఒళ్లు చల్లబరచుకుని మొద్దుగా పడుకుంటుంది. కోతి బుగ్గ సంచీ ఆ పూటకే: దొరికింది లాక్కుని, గొడవ లేని చోటికి పోయి తినడానికి. పిల్లల్ని మోసే తీరూ వేరే. కోతి అయిదున్నర నెలలు మోసి ఒక్కదాన్ని కని పొట్టకు అతికించుకుని తిరుగుతుంది. డన్నార్ట్ రెండు వారాలకే బియ్యపు గింజంత పిల్లల్ని కని సంచీలో పెంచుతుంది.

ఫరహాబాద్ సఫారీలో పులి కనిపించలేదు. కొండెంగలు చిగుళ్లు తుంచుకు తింటూ మా జీపును పట్టించుకోలేదు. మల్లెలతీర్థం జలపాతానికి ఎండాకాలం వద్దు. నీళ్లు సన్నగిల్లుతాయి, మెట్లెక్కి రావడమే మిగులుతుంది. వానలు తగ్గాక వెళ్లండి.

తిరుగు దారిలో ఘాట్ మలుపు దగ్గర ఎవరో కారాపి చిప్స్ విసిరారు. ఒక తల్లి కోతి, పొట్టకు పిల్ల అతుక్కుని ఉండగానే, లారీకి ఎదురుగా రోడ్డు మీదికి దూకింది. లారీ ఆగింది. మేనకోడలు ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.