పటం మనమే గీసి చూస్తే: డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ ఆప్ సమీక్ష

అమెరికాలో నియోజకవర్గాల హద్దులు మారితే అవే ఓట్లు వేరే ఫలితాన్ని ఎలా ఇస్తాయో చదివి అర్థం చేసుకోవడం ఒక ఎత్తు, చేత్తో గీసి చూసుకోవడం మరో ఎత్తు. ఆ రెండో పనికి డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ ఆప్ అనే ఉచిత వెబ్‌సైట్‌ను మించినది నాకింతవరకు కనబడలేదు. నార్త్ కరొలైనాలోని కేరీలో ఉంటున్నాను కాబట్టి మా రాష్ట్రాన్నే తీసుకొని నాలుగు సాయంత్రాలు దీని ముందు కూర్చున్నాను.

రాష్ట్రమంతా చిన్న చిన్న పోలింగ్ ప్రాంతాలుగా తెరపై కనబడుతుంది. ఒక రంగు ఎంచుకొని, ముగ్గులో రంగులు నింపినట్లు, ఒక్కో ప్రాంతాన్నీ ఏదో ఒక నియోజకవర్గంలో చేర్చుకుంటూ పోవాలి. 2020 జనాభా లెక్కల ప్రకారం మా రాష్ట్ర జనాభా 1,04,39,388, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ దిగువ సభలో స్థానాలు 14. అంటే ఒక్కో నియోజకవర్గానికి సుమారు 7,45,670 మంది రావాలి, ఆ హెచ్చుతగ్గులు పక్కనే కనిపిస్తూ ఉంటాయి. పూర్తయిన పటానికి ఓట్లకు తగిన సీట్లు, పోటీ, అల్పసంఖ్యాక వర్గాల ప్రాతినిధ్యం, ఆకారం, కౌంటీల (మన జిల్లాల్లాంటివి) చీలిక అనే ఐదు కొలతల్లో మార్కులు పడతాయి. ఒకదాన్ని పెంచబోతే మరొకటి పడిపోవడం చూశాక, అన్ని విధాలా న్యాయమైన పటం ఇదేనని ఎవరైనా అంటే నేనంత తొందరగా నమ్మను.

గ్రీన్స్‌బరో నగరమున్న గిల్‌ఫర్డ్ కౌంటీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఆ కౌంటీని ఒకే నియోజకవర్గంలో ఉంచితే అది డెమొక్రాట్ల వైపు మొగ్గుతుంది. మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను చుట్టుపక్కల గ్రామీణ కౌంటీలతో కలిపితే మూడూ రిపబ్లికన్ల రంగులోకి మారిపోతాయి. రాష్ట్ర శాసనసభ 2023లో చేసింది అదే.

అయితే ఆ పెన్ను శాసనసభ చేతికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఈ సైట్‌లో దొరకదు, అది దాని పని కూడా కాదు. 2010 రాష్ట్ర ఎన్నికల్లో రిపబ్లికన్లు శతాబ్దానికి పైగా కాలంలో తొలిసారి రెండు సభలనూ గెలిచి, మరుసటి ఏడాది పటాలు గీశారు. హద్దుల బిల్లుపై మా గవర్నరుకు వీటో అధికారం లేదు కనుక అడ్డుకోగలిగేది కోర్టులే, రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులనూ ఓటర్లే ఎన్నుకుంటారు. డెమొక్రాట్ల ఆధిక్యమున్న ఆ కోర్టు 2022 ఫిబ్రవరిలో పార్టీ ప్రయోజనం కోసం గీసిన పటాన్ని కొట్టివేయగా, కోర్టు ఆమోదించిన మరో పటంపై నవంబరు ఎన్నిక 7–7తో ముగిసింది. అదే రోజు రెండు న్యాయమూర్తి పదవులు రిపబ్లికన్లకు దక్కి కోర్టు బలాబలాలు 5–2 కాగా, 2023 ఏప్రిల్‌లో ఆ కోర్టే తన పాత తీర్పును రద్దు చేసింది. ఆ తర్వాత శాసనసభ గీసిన కొత్త పటంపై 2024లో ఫలితం రిపబ్లికన్లకు 10, డెమొక్రాట్లకు 4. ఆ ఎన్నికల రోజే గవర్నరు పదవికి డెమొక్రాట్ జోష్ స్టైన్ దాదాపు 15 శాతం ఓట్ల తేడాతో గెలిచారన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. 2025 అక్టోబరులో ఈశాన్యంలోని 1వ నియోజకవర్గాన్ని మళ్లీ మార్చినప్పుడు కూడా ఆయన చేయగలిగిందేమీ లేకపోయింది.

విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన కమిషన్ హద్దులు నిర్ణయించే పద్ధతికి అలవాటుపడిన మనవాళ్లకు, పోటీచేసే పార్టీయే బరిని కూడా గీసుకోవడం మొదట నమ్మశక్యంగా ఉండదు. మోరిస్‌విల్‌లో ఒక మిత్రుడికి ఈ సైట్ చూపిస్తే, "మరి అంపైర్ ఎవరండీ?" అని అడిగారు.

ఫోనులో కాకుండా పెద్ద తెరపై, మౌస్‌తో వాడమని నా సలహా. కొత్తవారు ఖాళీ పటంతో మొదలుపెట్టకుండా, అమల్లో ఉన్న పటాన్ని తెరిచి ఒక్క కౌంటీని కదిపి చూస్తే గంటలోనే కిటుకు పట్టుబడుతుంది. చూసేశాక, మీ బ్యాలెట్‌లో అడుగున ఉండే రాష్ట్ర శాసనసభ, రాష్ట్ర సుప్రీంకోర్టు పోటీల్లో ఎవరెవరున్నారో ఒకసారి వెతకండి. మా రాష్ట్రంలో 2026లో అలాంటి న్యాయమూర్తి పదవి ఒకటి ఎన్నికకు వస్తోంది.