అష్టాచమ్మా గుడ్డ పట్టా: ఇంటిల్లిపాదికీ పనికొచ్చింది

పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకోవడానికి ఏం కొనమంటారని ఎవరడిగినా నేను మొదట చెప్పేది గవ్వలు వేసి గళ్ళ మీద కాయలు నడిపే అష్టాచమ్మానే. చేతివృత్తుల మేళాలో ఈ సెట్ 450 రూపాయలకి కొన్నాను. మందపాటి నూలుగుడ్డ మీద 25 గళ్ళు, నాలుగు రంగుల్లో 16 లక్క కాయలు, ఆరు గవ్వలు. ఆటకి నాలుగు గవ్వలే కావాలి కానీ సోఫా కిందకి దొర్లిపోతుంటాయి కాబట్టి ఎక్కువగా వచ్చిన ఆ రెండూ ఉండటం మంచిదే.

గుడ్డ బావుంది. పప్పుచారు ఒలికితే ఉతికాం, రంగు దిగలేదు. కాయలే నచ్చలేదు. ట్యూబ్‌లైట్ వెలుతురులో ఎరుపుకీ నారింజకీ తేడా తెలియదు. కంటి ఆపరేషన్ అయిన మా అత్తయ్య ప్రతి కాయా చేత్తో ఎత్తి చూసుకోవాల్సి వచ్చేది. నారింజ కాయల నెత్తిన నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టాక ఆ ఇబ్బంది తీరింది.

నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, అంటే 4. అన్నీ బోర్లా పడితే అష్టా, 8. ఈ రెండిట్లో ఏది పడ్డా మళ్ళీ వెయ్యొచ్చు. మిగతావి 1, 2, 3. అంటే ఒక్క పందెంలో 5, 6, 7 రానే రావు. తొమ్మిదేళ్ళ మా బాబు ఈ సంగతి తనే పట్టేశాడు. వెనక వచ్చే కాయకి అయిదు గళ్ళు ముందుంటే, చమ్మ పడితే తప్ప తన కాయని చంపలేరట, అంటే అదే గడిలోకి వచ్చి దాన్ని మొదటికి పంపలేరట! ఎక్కాలు చెప్పమంటే ముఖం తిప్పేసే పిల్లాడు, ఇప్పుడు కాయ జరిపే ముందు నానమ్మ కాయలన్నీ ఎంత దూరంలో ఉన్నాయో లెక్కేసుకుంటాడు. మేమాడే పద్ధతిలో ఒక్క కాయనైనా చంపకుండా లోపలి వరసలోకి పోవడానికి లేదు. అందుకని ఇళ్ళల్లో, అంటే కాయని చంపడానికి వీల్లేని గళ్ళల్లో, దాక్కుని కూర్చుంటే ఎవరి కాయా నడిమి గడికి చేరి పండదు.

ఆరేళ్ళ పాప మొదట్లో తన కాయ చస్తే ఏడ్చి పట్టా లాగేసేది. అత్తయ్య బుజ్జగించలేదు, కావాలని ఓడిపోనూ లేదు. "కాయ పోతే పోయిందిలే, గవ్వలున్నాయిగా, వెయ్యవే" అనేవారు. ఇప్పుడు పాప చచ్చిన కాయని తనే తీసి ఇంట్లో పెట్టుకుని, మళ్ళీ తన వంతు కోసం చూస్తుంది. ఈ ఒక్క మార్పు కోసమైనా ఈ సెట్‌కి పెట్టిన డబ్బు దండగ కాదంటాను. పందెం గబగబా తిరిగొస్తుంది కాబట్టి మా ఆయనకి ఫోన్ చూసే తీరికా ఉండదు. మధ్యలో అత్తయ్య చిన్నప్పటి కబుర్లు చెబుతారు, అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, పగిలిన గాజుముక్కల్నే కాయలుగా పెట్టుకుని ఆడిన రోజులవి.

ఇద్దరే ఉంటే చెరి రెండు రంగులూ తీసుకుని ఆడొచ్చు. నలుగురైతే ఆట గంట దాకా సాగుతుంది. గుడ్డ పట్టా కాబట్టి సగంలో ఆపి, కాయలు కదలకుండా తీసి దాచడం కుదరదు. బడి ఉన్న రోజుల్లో భోజనాలకి ముందే మొదలుపెట్టండి.