మూడేళ్లవాడి చేతిలో ఏటికొప్పాక ఏనుగు

పోయిన నెల మా బుడ్డోడికి కొన్న బ్యాటరీ కారు రెండు రోజులే బతికింది. పగలగొట్టి, లోపలి స్పీకర్ని చెవి దగ్గర పెట్టుకుని "అమ్మా, పాట ఇక్కడుంది!" అన్నాడు. ఇంక తిట్టబుద్ధి కాలేదు.

ఈసారి లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్లి చక్రాల ఏనుగు తెచ్చాం. అంకుడు కర్ర, చేతికి తేలిక. అక్కడ తిరిగే కర్ర మీద లక్క అద్ది, మొగలి ఆకుతో మెరుపు తెస్తుంటే వీడు కన్నార్పలేదు. ఇంటికొచ్చాక ఏనుగును గచ్చుకేసి ఎన్నిసార్లు కొట్టాడో! తొండం కొసన రంగు లేచింది, అంతే. చక్రం మాత్రం ఊడబీకాడు. పుల్ల బిగిస్తే మళ్లీ తిరిగింది. ఇప్పుడు పీకడం, పెట్టడం, అదే ఆట. ధర కాస్త ఎక్కువే. ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలకైతే చక్రాలది వద్దు.